వేడెక్కితే ఆగిపోతున్న స్టిల్ 070: రెండు కిట్లు మార్చినా దొరకని లోపం ఎక్కడుంది

మిషన్ స్టిల్ 070 చైన్‌సా (పెట్రోలు రంపం). పాయింట్ల ఇగ్నిషన్ (తెరుచుకుని మూసుకునే పాయింట్లతో స్పార్క్ ఇచ్చేది) ఉన్న పాత రకం, 30 అంగుళాల బార్. టింబర్ డిపోలో చింత, నిద్రగన్నేరు, మామిడి మొద్దులు కోసే పనిలో ఉంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు లాగుళ్లకే అందుకుంటుంది. ట్యాంకు పూర్తయ్యేలోపు కోతలో బలం తగ్గి ఆగిపోతుంది. ఆ తర్వాత బాగా చల్లారితే తప్ప స్టార్ట్ కాదు. రేస్ వదిలినా ఇంజన్ వెంటనే దిగదు, కాసేపు అదే ఊపులో అరుస్తుంది.

బెంచి మీదికి రాకముందే దీనికి కొత్త కార్బొరేటర్ పడింది, ప్లగ్ మారింది, పిస్టన్-సిలిండర్ కిట్ రెండుసార్లు మారింది. కిట్ మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగా నడిచి మళ్లీ అదే కథ. యజమాని చేసిన మంచి పని ఒకటుంది: కంపెనీ నుంచి వచ్చిన అసలు సిలిండర్‌ను తుక్కుకు వేయకుండా గోనెసంచిలో దాచాడు. ఈ రిపేరు మొత్తంలో అందరికన్నా ఎక్కువ పనికొచ్చిన పార్టు అదే.

ఈ మోడల్‌కు ఇంత శ్రమ పడటం దేనికంటే, పనికి తగిన మిషన్ కాబట్టి. 1959లో స్టిల్ తెచ్చిన కాంట్రా వంశానికి చెందిన రంపం ఇది, గేర్లు లేకుండా క్లచ్ డ్రమ్ము నుంచే చైన్‌ను తిప్పుతుంది. బోర్ 58 మి.మీ., స్ట్రోకు 40 మి.మీ., అంటే 105.7 సీసీ. బలం దాదాపు ఆరున్నర హార్స్‌పవర్. ఇప్పటి రంపాల్లాగా పదమూడు వేల ఆర్‌పీఎం తిరగదు. నెమ్మదిగా తిరుగుతూ .404 పిచ్ (లంకెల మధ్య దూరం, అంగుళాల్లో) చైన్‌ను లావుపాటి మొద్దులో నిలకడగా లాగుతుంది. దీని అన్న 090కి బోర్ 66 మి.మీ., 137 సీసీ. రెండూ ఒకే 1106 కుటుంబం కాబట్టి సిలిండర్, పిస్టన్ వదిలేస్తే చాలా పార్టులు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. పార్టులు వెతికేవాళ్లు ఈ సంగతి మొదట గుర్తుపెట్టుకోవాలి.

పిస్టన్ ఏం చెప్పింది

సిలిండర్ విప్పకముందే సైలెన్సర్ తీసి ఎగ్జాస్ట్ పోర్టులోంచి లైటు వేసి చూడాలి. ఈ పని చేయకుండా కిట్ కొనడం డబ్బు పారేసుకోవడమే. ఇందులో పిస్టన్ స్కర్ట్ ఎగ్జాస్ట్ వైపు మాత్రమే నిలువుగా గీతలు పడి, రింగు గాడి అంచుల దగ్గర అల్యూమినియం పులుముకుని ఉంది. ఇన్‌టేక్ వైపు శుభ్రంగా ఉంది.

గీతలు ఎక్కడున్నాయన్నదే ఇక్కడ ముఖ్యం. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే ఉంటే పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువై మండిందని, లేదా ఆయిల్ సరిపోలేదని అర్థం. ఇన్‌టేక్ వైపు బూడిదరంగులో మసకగా అరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి వెళ్లింది. చుట్టూ నాలుగు చోట్ల గీతలు పడితే చల్లదనం అందలేదు, ఫిన్నుల మధ్య రంపపు పొట్టు పేరుకుని ఉంటుంది. ఒకే ఒక్క లోతైన గాడి నిలువునా ఉంటే పిస్టన్ పిన్ను సర్‌క్లిప్ ఊడి తిరిగిందనే చెప్పాలి.

ఆయిల్ కలపడంలో తప్పు లేదు. డబ్బాలోని మిశ్రమంలో లీటరుకు 25 మి.లీ. లెక్కన ఆయిల్ ఉంది, రంగూ వాసనా సరిగ్గానే ఉన్నాయి. కార్బొరేటర్ హెచ్ స్క్రూ (పూర్తి రేస్ మీద పెట్రోలు సర్దేది) రెండు చుట్లకు పైగా తెరిచి ఉంది. ఇలాంటి కార్బొరేటర్‌కు ఒక చుట్టు దరిదాపుల్లో సరిపోవాలి. స్క్రూ అంత తెరిచినా పిస్టన్ గాలి ఎక్కువై కాలిందంటే ఆ గాలి కార్బొరేటర్ దారిలో రావడం లేదు, ఇంకెక్కడి నుంచో దూరుతోంది. రేస్ వదిలినా ఇంజన్ దిగకపోవడం కూడా దీన్నే చెబుతోంది.

కంప్రెషన్ 90 పీఎస్ఐ. ఈ సైజు ఇంజన్ 120కి పైన ఉంటేనే కోతలో మాట వింటుంది. వంద లోపు ఉంటే చల్లగా ఉన్నప్పుడు ఎలాగో అందుకుంటుంది కానీ వేడి మీద అందుకోదు. వేడికి ఆగడానికి ఇది ఒక కారణం. ఇదే కారణమని ఇక్కడితో ఆగబట్టే ఇంతకుముందు రెండు కిట్లు పాడయ్యాయి.

ఒత్తిడి పరీక్ష, వాక్యూమ్ పరీక్ష

గాలి ఎక్కడ దూరుతోందో తేలాలంటే ఇంజన్ దారులన్నీ మూసి పంపుతో చూడాలి. సైలెన్సర్ కింద పాత ట్యూబు రబ్బరు ముక్క పెట్టి బిగించి ఎగ్జాస్ట్ మూసేయాలి. కార్బొరేటర్ స్థానంలో పంపు గొట్టం పట్టే చిన్న అల్యూమినియం ప్లేటు, దాని వెనక రబ్బరు. ప్లగ్ బిగించి ఉండాలి. డీకంప్రెషన్ వాల్వ్ (స్టార్ట్ చేసేటప్పుడు ఒత్తిడి తగ్గించేది) ఉన్న సిలిండరైతే దానిమీద సబ్బునీళ్లు వేసి అది కూడా చూడాలి. కారు బ్రేకులు బ్లీడ్ చేసే చేతి పంపు, ఒత్తిడికీ వాక్యూమ్‌కీ రెండింటికీ పనిచేసే రకం, దీనికి చాలు.

మొదట 0.5 బార్ ఒత్తిడి ఎక్కించాం. ఇరవై సెకన్లు ముల్లు కదలకూడదన్నది నియమం, కదల్లేదు. చాలామంది ఇక్కడే లీకు లేదని ముగించేస్తారు. తర్వాత 0.5 బార్ వాక్యూమ్. ఇరవై సెకన్లలో ముల్లు 0.3 దాకా జారినా ఒప్పుకోవచ్చు, అంతకన్నా పడిపోతే లీకున్నట్టు. ఇందులో పది సెకన్లలోపే సున్నాకు చేరింది. ఆయిల్ సీల్ పెదవి ఒత్తిడికి షాఫ్ట్‌ను గట్టిగా పట్టుకుంటుంది, వాక్యూమ్‌కు వదులవుతుంది. ఇంజన్ నడిచేటప్పుడు క్రాంక్‌కేసులో (క్రాంక్ షాఫ్ట్ తిరిగే గదిలో) ఆ రెండూ వెంటవెంటనే మారుతుంటాయి కాబట్టి ఒక్క పరీక్షతో సరిపెట్టకూడదు.

ఏ సీల్ అన్నది తేల్చడానికి ఒక్కో సీల్ పెదవి చుట్టూ గ్రీజు దట్టంగా పూసి మళ్లీ వాక్యూమ్ పెట్టాలి. క్లచ్ వైపు పూస్తే మార్పు లేదు. మాగ్నెట్ (అయస్కాంతాలున్న ఫ్లైవీల్) వైపు పూయగానే ముల్లు నిలబడింది.

సీల్ కొని మార్చేస్తే పని అయిపోయిందనిపిస్తుంది. కానీ వాక్యూమ్ గొట్టం తీసి మళ్లీ ఒత్తిడి ఎక్కించి, మాగ్నెట్‌ను చేత్తో పట్టి కిందికీ పైకీ కదిపితే, ఇంతకుముందు స్థిరంగా నిలిచిన ముల్లు కదిపినప్పుడల్లా జారింది. చేతికి స్పష్టంగా తెలిసేంత ఆట (వదులు) ఉంది. మంచి బాల్ బేరింగ్‌లో ఇలా పైకీ కిందికీ ఆట చేతికి తెలియకూడదు. బేరింగ్ అరిగి షాఫ్ట్ ఊగుతోంది, ఆ ఊపుకు సీల్ పెదవి షాఫ్ట్‌ను వదిలేస్తోంది. కొత్త సీల్ వేసినా కొన్నాళ్లకే మళ్లీ అదే పరిస్థితి.

పాయింట్ల దగ్గర కనిపించింది

ఈ మోడల్‌లో పాయింట్లు, కండెన్సర్, కాయిల్ మాగ్నెట్ కింద ఉంటాయి. మాగ్నెట్ తీయాలంటే నట్టు విప్పి పుల్లర్ (లాగి ఊడదీసే సాధనం) వేయాలి. సుత్తితో అంచు మీద కొడితే అయస్కాంతాలు బలం కోల్పోతాయి, ఫిన్నులు విరుగుతాయి. నట్టు విప్పేటప్పుడు పిస్టన్ ఆపడానికి ప్లగ్ రంధ్రంలోంచి మెత్తని తాడు దూర్చాలి, ఇనుప స్టాపర్ వద్దు. ఎగ్జాస్ట్ పోర్టు పూర్తిగా మూసుకున్నాకే తాడు దూర్చాలి, లేకపోతే తాడు పోర్టులో ఇరుక్కుని తెగుతుంది.

మాగ్నెట్ కింద నల్లటి జిడ్డు పట్టింది, పాయింట్ల మొహాల మీద కూడా. క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగినప్పుడల్లా పెట్రోలు-ఆయిల్ తుంపర ఆ సీల్ గుండా ఇక్కడికే చిమ్మింది. జిడ్డు మండి పాయింట్ల మీద కార్బన్ పొర కట్టింది. గ్యాప్ 0.4 మి.మీ. ఉండాలి. ఫీలర్ గేజి పెట్టి షాఫ్ట్‌ను పైకి నెడితే 0.3, కిందికి నొక్కితే 0.45 వచ్చింది. పాయింట్లను తెరిచే క్యామ్ క్రాంక్‌తోనే తిరుగుతుంది, క్రాంక్ ఊగితే గ్యాప్ మారుతుంది, గ్యాప్ మారితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) మారుతుంది. ఒక పేలుడు ముందుగా, ఒకటి ఆలస్యంగా.

అంటే ఒక్క బేరింగ్ ఆట వల్ల మూడు చోట్ల నష్టం. సీల్ గాలి లాగి మిశ్రమం పలచబడింది, తుంపర పాయింట్లను పాడుచేసింది, టైమింగ్ నిలకడ తప్పింది. మూడూ కలిసి పిస్టన్‌ను కాల్చాయి. కొత్త కిట్ వేసినప్పుడల్లా కంప్రెషన్ పెరిగి కొన్నాళ్లు ఈ లోపాలను కప్పిపెట్టింది, అంతే.

కండెన్సర్‌ను కూడా వదల్లేదు. పాయింట్ల ఒక మొహం మీద గుంట, ఎదుటి మొహం మీద బొడిపె ఉన్నాయంటే కండెన్సర్ విలువ తప్పిందని అనుమానించాలి. మల్టీమీటర్‌లో చల్లగా 0.2 మైక్రోఫారడ్ చూపింది, సరైనదే. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో చేయి పెట్టలేనంత వేడి చేస్తే రీడింగ్ నిలవకుండా పడిపోయింది. వేడెక్కితే స్పార్క్ పోవడానికి ఇదీ తన వంతు పనిచేసింది. కండెన్సర్‌నూ కాయిల్‌నూ చల్లగా మాత్రమే పరీక్షించి బాగున్నాయని చెప్పడం వల్ల ఎన్నో రంపాలు అదే జబ్బుతో తిరిగొస్తుంటాయి.

మాగ్నెట్ కీ (మాగ్నెట్‌ను షాఫ్ట్ మీద జరగకుండా నిలిపే చిన్న ముక్క) కోసుకుపోలేదు, షాఫ్ట్ టేపర్ మీద గీతలు లేవు. కీ సగం కోసుకున్నా టైమింగ్ జరుగుతుంది కాబట్టి దాన్ని వేలితో కాదు, వెలుతురులో పెట్టి చూడాలి.

పార్టులు: ఏది ఎక్కడ, ఏది నకలైనా ఫర్వాలేదు, ఏది కాకూడదు

పాత స్టిల్ మిషన్లకు పార్టు నంబరు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. నంబరు మూడు భాగాలు. మొదటి నాలుగంకెలు మోడల్ కుటుంబం, 070-090లకు 1106. తర్వాతి మూడంకెలు మిషన్‌లో ఏ భాగమో చెబుతాయి: 020 సిలిండర్-క్రాంక్‌కేసు, 030 క్రాంక్-పిస్టన్, 120 కార్బొరేటర్, 160 క్లచ్, 400 ఇగ్నిషన్. చివరి నాలుగు ఆ పార్టు రకం. 9తో మొదలయ్యే నంబర్లు ప్రామాణిక సామాను: 9640 ఆయిల్ సీళ్లు, 9503 బాల్ బేరింగులు, 9463 సర్‌క్లిప్పులు. 0000తో మొదలయ్యేవి చాలా మోడళ్లకు ఉమ్మడి. డీలర్ దగ్గర "070 బేరింగ్ ఉందా" అని అడిగితే లేదంటారు. అదే 9తో మొదలయ్యే పూర్తి నంబరు చెబితే ఇప్పటి మోడల్ కోసం తెప్పించిన స్టాకులోంచి వచ్చే అవకాశం ఉంది.

బేరింగులకు డీలర్ కూడా అక్కర్లేదు. పాతదాని రింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. అరిగిపోయి కనపడకపోతే వెర్నియర్‌తో లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు కొలిస్తే చాలు. ఉదాహరణకు 17, 40, 12 మి.మీ. వస్తే అది 6203. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగ్ షాపుల్లో దొరికే మామూలు సైజులే ఇవి. అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, సీ3 క్లియరెన్స్, అంటే గుండ్ల దగ్గర మామూలుకన్నా కాస్త ఎక్కువ ఖాళీ. వేడికి రింగులు వ్యాకోచించినా గుండ్లు బిగుసుకోకుండా ఉండేందుకు. రెండు, ఓపెన్ రకం. రెండు పక్కలా రేకుగానీ రబ్బరుగానీ మూసినవి వేయకూడదు, ఎందుకంటే ఈ బేరింగులకు నూనె అందేది పెట్రోల్‌లో కలిపిన ఆయిల్ నుంచే. ధర మరీ తక్కువైతే నకలని అనుమానించాలి. చెక్కిన అక్షరాలు మసకగా ఉండటం, చేత్తో తిప్పితే గరగర వినిపించడం గుర్తులు. రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక్క వైపు మార్చి మిగిలింది ఉంచితే క్రాంక్‌కేసు మళ్లీ చీల్చాల్సి వస్తుంది.

సీళ్లకు కూడా మూడు కొలతలే. మెటీరియల్ ముఖ్యం. షాపులో మామూలుగా ఇచ్చేది నైట్రైల్ రబ్బరు. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు దృష్ట్యా గోధుమరంగులో వచ్చే వైటాన్ రకం అడిగి తీసుకోవడం మేలు. షాఫ్ట్ మీద పాత పెదవి తిరిగిన చోట గోటికి తగిలే గాడి ఉంటే కొత్త సీల్‌ను పాత లోతుకే దిగ్గొట్టకూడదు. మిల్లీమీటరు అటో ఇటో నిలిపితే పెదవి అరగని చోట కూర్చుంటుంది. ఈ మిషన్‌లో చేసిందదే. అదే వ్యాసాల్లో కాస్త తక్కువ వెడల్పు సీల్ దొరికితే ఈ పని ఇంకా సులువు.

ఇక సిలిండర్. మన మార్కెట్లో 105 సీసీ 070 పేరుతో నకలు రంపాలు మొత్తం మిషన్లుగానే దొరుకుతున్నాయి, వాటి కిట్లు అసలుదానికన్నా బాగా తక్కువ ధరకు వస్తాయి. కొలతలు సరిపోతాయి. సమస్య ఎక్కడంటే పోర్టుల అంచుల దగ్గర. అసలు సిలిండర్‌లో పోర్టు అంచు కొంచెం ఏటవాలుగా మెత్తబరిచి ఉంటుంది. నకలులో కత్తి అంచులాగా వదిలేస్తారు, రింగు అక్కడ తట్టుకుని చిప్పలు లేస్తుంది. పూత కూడా అంచుల దగ్గరే ఊడుతుంది. నకలు సిలిండర్ తప్పనిసరైతే సన్నని ఆకురాయితో కాదు, 400 గరుకు కాగితం చుట్టిన కర్రపుల్లతో పోర్టు అంచులు అన్నీ మెత్తబరిచి, వేలితో తడిమి చూసి, కిరోసిన్‌తో కడిగాకే బిగించాలి. కిట్‌లో వచ్చిన సర్‌క్లిప్పులు మాత్రం పారేయండి. అవి మెత్తబడి ఊడితే సిలిండర్, పిస్టన్ రెండూ పోతాయి. కంపెనీ సర్‌క్లిప్పులు చవకే.

గోనెసంచిలో దాచిన అసలు సిలిండర్ ఉంది కాబట్టి దాన్నే బాగుచేశాం. పూత హార్డ్ క్రోమ్. అల్యూమినియం పులుముకున్న చోట ఊడిందా, పైన అంటుకుందా అన్నది తేల్చాలి. అంటుకున్న అల్యూమినియం తీయడానికి కొందరు బాత్‌రూమ్ యాసిడ్ వాడతారు. క్రోమ్ పూతకు అది వాడకూడదు, హైడ్రోక్లోరిక్ యాసిడ్ క్రోమ్‌నూ తినేస్తుంది. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగిస్తుంది, క్రోమ్ జోలికి పోదు. గ్లాసెడు నీళ్లలో చెంచాడు కాస్టిక్ సోడా వేయాలి. నీళ్లలో సోడా వేయాలిగానీ సోడా మీద నీళ్లు పోయకూడదు. దూది చుట్టిన పుల్లతో మరక మీద మాత్రమే అద్దాలి. బుడగలు వస్తున్నంతసేపూ అల్యూమినియం కరుగుతున్నట్టు. బుడగలు ఆగగానే తుడిచి, మళ్లీ అద్ది, చివరికి వెనిగర్ కలిపిన నీళ్లతో కడగాలి. పోర్టుల లోపలి గోడలకు పూత ఉండదు, అక్కడికి జారితే సిలిండర్‌నే తినేస్తుంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్, గాలి ఆడే చోటు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఆ బుడగల్లో ఉండేది హైడ్రోజన్, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

మరకంతా కరిగాక క్రోమ్ చెక్కుచెదరకుండా కనపడింది. గోరు ఎక్కడా తట్టుకోలేదు. క్రోమ్ బోర్‌ను హోనింగ్ రాళ్లతో రుద్దకూడదు, స్కాచ్‌బ్రైట్‌తో ఆయిల్ వేసి తేలిగ్గా తుడిస్తే చాలు. గోరు తట్టుకుని కింద అల్యూమినియం కనపడి ఉంటే మాత్రం ఆ సిలిండర్ ఎందుకూ పనికిరాదు.

పిస్టన్‌కు ఇటలీ మీటియోర్ కంపెనీది, రింగులకు కేబర్‌ది దొరికితే నకలు కన్నా ఎంతో నయం. రింగు మోడల్ పేరుతో దొరక్కపోయినా బోర్ వ్యాసం, రింగు మందం చెప్పి తెప్పించుకోవచ్చు. రింగు కొనల దగ్గర లొకేటింగ్ పిన్ను కోసం కోసిన నొక్కు ఏ రకమో కూడా చెప్పాలి. రింగును ఒంటరిగా బోర్‌లో దించి, పిస్టన్‌తో నెట్టి తిన్నగా చేసి, కొనల మధ్య గ్యాప్ కొలవాలి. 58 మి.మీ. బోర్‌కు 0.2 నుంచి 0.3 మి.మీ. మంచిది. 0.6 దాటిన పాత రింగు వేయడం దండగ.

పాయింట్లకూ కండెన్సర్‌కూ మన దగ్గర ఒక వెసులుబాటు ఉంది. పాత చేతక్‌లు, లూనాలు పాయింట్లతో నడిచినవే, వాటి కండెన్సర్లు స్కూటర్ స్పేర్ షాపుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. మీటర్‌తో విలువ కొలిచి 0.2 మైక్రోఫారడ్ దరిదాపుల్లో ఉంటే వాడుకోవచ్చు. ఆకారం సరిపోకపోతే మాగ్నెట్ కింద ఇరికించే ప్రయత్నం చేయకుండా వైరు బయటికి తీసి స్టార్టర్ కవర్ లోపల, గాలి తగిలే చోట బిగించాలి. కండెన్సర్ ఒంటికి గట్టి ఎర్తు తప్పనిసరి. పాయింట్లే వద్దనుకుంటే వాటి బదులు పనిచేసే చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు వస్తాయి, కానీ మాగ్నెట్ ధ్రువాల దిశ కుదరకపోతే అవి టైమింగ్‌ను మార్చేస్తాయి. టైమింగ్ లైటు లేనిచోట పాయింట్లే నమ్మకం.

కార్బొరేటర్ విషయంలో అభిప్రాయం సూటిగానే చెప్పాలి. యజమాని పాత డబ్బాలో పడేసిన అసలు టిల్లట్‌సన్ హెచ్ఎల్ బాడీ కొత్తగా వేసిన నకలు కన్నా మేలు. బాడీలో త్రాటిల్ షాఫ్ట్ రంధ్రం అరగకపోతే కిట్ వేసి నడిపించుకోవచ్చు. కిట్లలో డీజీతో మొదలయ్యేది డయాఫ్రమ్-ప్యాకింగ్ సెట్టు, ఆర్‌కేతో మొదలయ్యేది నీడిల్, స్ప్రింగుతో సహా పూర్తి సెట్టు. చాలాకాలం ఆగి ఉన్న మిషన్‌కు ఆర్‌కే తీసుకోవాలి. నీడిల్‌ను ఎత్తి పెట్రోలు వదిలే మీటరింగ్ లీవర్ కొన గది అడుగుకు సమంగా ఉండాలి. ఎత్తుగా ఉంటే పెట్రోలు పొర్లుతుంది, లోతుగా ఉంటే మిశ్రమం పలచబడుతుంది. డయాఫ్రమ్‌కూ ప్యాకింగుకూ వరస విప్పేటప్పుడే ఫోటో తీసుకోవాలి. బిగించాక ఇన్‌లెట్ గొట్టంలో 0.8 బార్ ఎక్కించి ముల్లు నిలుస్తోందో లేదో చూడాలి. నీడిల్ కూర్చోకపోతే అక్కడే తెలిసిపోతుంది.

రికాయిల్ కవర్, హ్యాండిల్ రబ్బర్లు, ట్యాంకు మూతలు, ఫిల్టర్ కవర్ లాంటివి నకలు మిషన్ నుంచి తీసుకున్నా నష్టం లేదు. ఇంజన్‌లో తిరిగేవి, రుద్దుకునేవి మాత్రం అలా తీసుకోకూడదు.

చీల్చడం, మళ్లీ కలపడం

క్లచ్ మీద మర దిశ చూసుకున్నాకే పానా వేయాలి. చైన్‌సాల్లో చాలావాటికి క్లచ్ ఎడమ మర, గడియారం ముల్లు తిరిగే దిశలో ఊడుతుంది. క్రాంక్‌కేసు స్క్రూలన్నీ తీశాక రెండు సగాల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి విడదీస్తే జాయింటు మొహం మీద గంటు పడుతుంది, అక్కడే రేపు లీకు. పుల్లర్‌తో షాఫ్ట్‌ను నెట్టాలి.

క్రాంక్ బయటికొచ్చాక కనెక్టింగ్ రాడ్‌ను పైకీ కిందికీ లాగి చూడాలి. నిలువుగా ఏ మాత్రం ఆట ఉండకూడదు. పక్కకు కొంచెం జరగడం మామూలే. ఇందులో రాడ్ బాగుంది. అది పోయి ఉంటే రిపేరు లెక్క మొత్తం మారేది.

కొత్త బేరింగులు రెండు గంటలు ఫ్రీజర్‌లో, క్రాంక్‌కేసు సగాలు 120 నుంచి 140 డిగ్రీల దాకా ఓవెన్‌లో. నీటి చుక్క వేస్తే చిటపటమని ఎగిరిపోవాలి. అప్పుడు బేరింగ్ దాదాపు సొంత బరువుకే దిగుతుంది. ఇంకా నెట్టాల్సి వస్తే బయటి రింగు మీదే నెట్టాలి. గ్యాస్ మంటతో ఒకే చోట కాల్చకండి, కేసు మెగ్నీషియం మిశ్రమం, వంగుతుంది, ఇంకా ఎక్కువ కాలితే అంటుకుంటుంది. జాయింటు ప్యాకింగ్ కంపెనీది దొరక్కపోతే పాతదాని మందం కొలిచి అదే మందం షీటు కోయాలి. మామూలు సిలికాన్ పేస్టు పెట్రోలుకు ఉబ్బి ఊడి కార్బొరేటర్ దారిలో పడుతుంది, అది ఈ పనికి కాదు. సీళ్లు దించే ముందు షాఫ్ట్ మర మీద, కీ గాడి మీద పలచని ప్లాస్టిక్ చుట్టి, పెదవికి గ్రీజు పూయాలి. కీ గాడి అంచు కోసిన గీత కంటికి కనపడదు, వాక్యూమ్ పంపుకు కనపడుతుంది.

పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపు. సర్‌క్లిప్ నోరు నిలువుగా, అంటే పైకి లేదా కిందికి. అడ్డంగా పెడితే పిస్టన్ వేగానికి అది గాడిలోంచి జరగొచ్చు. సిలిండర్ కింద ప్యాకింగ్ మందం మారితే పిస్టన్ తలకూ సిలిండర్ పైకప్పుకూ మధ్య ఖాళీ మారుతుంది. ప్లగ్ రంధ్రంలోంచి సోల్డర్ తీగ గోడ దాకా దూర్చి, ఇంజన్ ఒక చుట్టు తిప్పి, నలిగిన కొన కొలవాలి. 0.5 మి.మీ. కన్నా తక్కువ రాకూడదు. ఇందులో 0.9 వచ్చింది. కార్బొరేటర్ ఫ్లాంజ్ ప్యాకింగులో పల్స్ రంధ్రం (క్రాంక్‌కేసు ఒత్తిడిని పెట్రోలు పంపుకు అందించేది) ఉంటే అది బాడీలోని రంధ్రానికి ఎదురుగా ఉందో లేదో బిగించే ముందే చూడాలి. తిరగేసి పెడితే పెట్రోలు పంపు పనిచేయదు, రోజంతా ప్లగ్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మళ్లీ రెండు పరీక్షలూ. ఒత్తిడి 0.5 నిలిచింది, మాగ్నెట్‌ను కదిపినా నిలిచింది. వాక్యూమ్ ఇరవై సెకన్లకు 0.45. క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పుతూ కూడా చూశాం. ఒక్కోసారి సీల్ ఒక స్థానంలో పట్టి ఇంకో స్థానంలో వదిలేస్తుంది. పాయింట్లను 0.4కు పెట్టి, మొహాల మధ్య తెల్లకాగితం లాగి జిడ్డు తీసేశాం. షాఫ్ట్‌ను ఎటు నెట్టినా ఫీలర్ ఒకే బిగువు. క్యామ్‌కు ఆనే ఫెల్ట్ ముక్కకు ఒక్క చుక్క ఆయిల్, ఎక్కువైతే అది మళ్లీ పాయింట్ల మీదికే వస్తుంది. ప్లగ్ గ్యాప్ 0.5.

స్టార్ట్ చేసి సర్దడం

మిశ్రమం లీటరుకు 25 మి.లీ., జాసో ఎఫ్‌డీ గ్రేడు టూస్ట్రోక్ ఆయిల్. ఆయిల్ ఎక్కువ పోస్తే మిషన్‌కు మేలని చాలామంది నమ్ముతారు. ఆయిల్ పెరిగితే అదే కొలతలో పెట్రోలు తగ్గుతుంది, గాలి-పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది. నిష్పత్తి మార్చిన ప్రతిసారీ హెచ్ స్క్రూ మళ్లీ సర్దాలి. ఇథనాల్ పెట్రోలుదీ అదే లెక్క. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగ్ మీద ఇంజన్ వేడిగా నడుస్తుంది, స్క్రూ కొంచెం తెరవాలి. కలిపిన పెట్రోలు వారాల తరబడి ట్యాంకులో వదిలేయకూడదు. తేమ చేరితే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగున వేరుపడతాయి, ఆయిల్ పైన ఉండిపోతుంది. గొట్టం లాగేది అడుగునుంచే.

ఎల్ (తక్కువ వేగానికి సర్దే స్క్రూ), హెచ్ రెండూ ఒక్కో చుట్టు తెరిచి మొదలుపెట్టాం. ఇంజన్ వేడెక్కాక, చైన్ మీద బరువు లేకుండా పూర్తి రేస్ ఇస్తే శబ్దం గుడగుడమంటూ తడిగా ఉండాలి, కట్టెలో దించగానే శుభ్రపడాలి. ఖాళీగా ఉన్నప్పుడే సన్నగా, తీక్షణంగా అరిస్తే పలచగా ఉన్నట్టు, వెంటనే తెరవాలి. గవర్నర్ (వేగం హద్దు దాటకుండా చూసేది) ఉన్న కార్బొరేటరైతే ఆ గుడగుడ గవర్నర్ వల్ల కూడా రావచ్చు. అప్పుడు ఖాళీ శబ్దాన్ని నమ్మకుండా మొద్దులో పూర్తి బరువు మీద కోయిస్తూ సర్ది, ప్లగ్ రంగు చూడాలి. కాఫీపొడి రంగు కావాలి. తెల్లగా ఉంటే ప్రమాదం. ఈ మిషన్‌లో హెచ్ ఒకటింపావు చుట్టు దగ్గర కుదిరింది. ఐడిలింగులో చైన్ కదలకూడదు, రేస్ వదలగానే ఇంజన్ వెంటనే దిగాలి. రెండూ అలాగే ఉన్నాయి. కంప్రెషన్ 135కు చేరింది, రింగులు కుదురుకుంటే ఇంకొంచెం పెరుగుతుంది.

చైన్ కూడా కొలిచాం. వరసగా మూడు రివెట్ల మొదటి దానికీ చివరి దానికీ మధ్య దూరం 20.5 మి.మీ. ఉంటే .404, 19 ఉంటే మూడు ఎనిమిదో వంతు. ఈ చైన్‌కు 5.5 మి.మీ. గుండ్రటి ఆకురాయి, డెప్త్ గేజి (పంటి ముందుండి కోత లోతును నిర్ణయించే మొన) 0.8 మి.మీ. ఇందులో డెప్త్ గేజులు అసలు అరగదీయకుండా పళ్లు మాత్రమే పదును పెట్టారు. అలాంటి చైన్ కోయదు, మనిషి బార్‌ను నొక్కాలి, ఇంజన్ మీద అనవసరపు బరువు పడి వేడెక్కుతుంది. బార్ గాడి 1.6 మి.మీ. చైన్‌కు తగినది, అంచులు తిరగబడి ఉంటే ఆకురాయితో చదును చేయించాం.

ఈ పాత 070కి చైన్ బ్రేక్ లేదు. బార్ కొన మొద్దులో తగిలితే రంపం మొహం మీదికి లేస్తుంది, ఆపే సాధనం ఏదీ ఉండదు. ఎడమచేతి బొటనవేలు ముందు హ్యాండిల్ చుట్టూ పూర్తిగా బిగించి, బార్ కొనను కోతకు వాడకుండా, భుజం ఎత్తు దాటి ఎత్తకుండా పనిచేయాలని కోసేవాళ్లకు అప్పగించేటప్పుడు చూపించి మరీ చెప్పాలి.

మొదటి రెండు ట్యాంకులు పూర్తి రేస్ మీద ఎక్కువసేపు పట్టకుండా, మధ్యమధ్య ఆపుతూ కోయించాలి. ఆ తర్వాత చల్లారిన ఇంజన్ మీద సిలిండర్ బోల్టులు, సైలెన్సర్ బోల్టులు మళ్లీ బిగించి, సైలెన్సర్ తీసి ఎగ్జాస్ట్ పోర్టులోంచి పిస్టన్ చూడాలి. కొత్త గీత ఒక్కటి కనపడినా మిషన్ ఆపేసి వాక్యూమ్ పంపు మళ్లీ తగిలించాలి. కండెన్సర్, పాయింట్లు ఒక జత అదనంగా తెప్పించి, పార్టు నంబర్లూ బేరింగ్, సీల్ కొలతలూ రాసిన కాగితంతో కలిపి యజమానికి ఇచ్చాం. అదే సంచిలో నకలు కార్బొరేటర్ కూడా వేసి, దాని మీద "వాడొద్దు" అని రాశాం.